మామిడి కొత్త కాకముందు

నా బల్ల సొరుగు లాగితే ముందు జిగురు వాసన కొడుతుంది. నక్షత్రాల స్టిక్కర్ల వాసన. బంగారు రంగువీ, వెండి రంగువీ అట్టలకొద్దీ తెచ్చి పెట్టుకున్నాను. ఇప్పుడు అరకు సంతలో గాజుల కొట్లో కూడా దొరుకుతున్నాయి. మొన్న మా టీచర్ల శిక్షణలో, నాకంటే పదిహేనేళ్లు చిన్నవాడొకడు తెర మీద రంగురంగుల బొమ్మలు వేసి, పెద్దగా ఖర్చు లేకుండా చిన్నపిల్లల్ని బడికి ఎలా రప్పించాలో, వచ్చినవాళ్లను కుదురుగా ఎలా కూర్చోబెట్టాలో పూటంతా చెప్పాడు: నక్షత్రం అంటించండి, చప్పట్లు కొట్టించండి, వరసలో ముందు నిలబెట్టండి, ఏదో ఒక పని అప్పగించండి అని. నాకు నవ్వాగలేదు. "ఏంటి మేడమ్?" అన్నాడు పాపం. "ఏమీ లేదు నాయనా, ఇవన్నీ మా మాస్టారు చింతపిక్కలతోనే చేసేశారు, నువ్వు పుట్టకముందే," అన్నాను. గదంతా నవ్వింది. గొప్పలు పోతోందనుకున్నారు కాబోలు. అనుకోనీ, గొప్పే మరి.

మా ఊరు వెళ్లాలంటే జి.మాడుగులలో జీపు దిగి, రెండు గెడ్డలు, అంటే కొండవాగులు, దాటి, ఆపైన ఊపిరి అందని ఎక్కుడు ఎక్కాలి. పాతిక గడపల ఊరు. కార్తీకంలో కొండవాలంతా వలిసెపూలతో పసుపు కలిపి అలికినట్టుండేది. పుష్యంలో తెల్లారేసరికి గడ్డి మీద మంచు పేరుకుని, మేకలు కూడా అడుగు వెయ్యడానికి జంకేవి. మాఘం దాటాక పనసపిందెల పచ్చి వాసన, ఆ తరవాత చీకటితోనే లేచి ఇప్పచెట్ల కింద పువ్వు ఏరుకునే ఆడవాళ్ల మాటలూ నవ్వులూ. గోడకు క్యాలెండరు లేని ఇళ్లు మావి, ఆ అవసరమూ లేదు. చోడి అంబలి తాగి పిల్లలు పనిలోకి దిగేవారు. మేకలు తోలాలి, సామచేను మీద వాలే పిట్టల్ని తోలాలి, విస్తళ్లకు అడ్డాకులు కోసి కట్టలు కట్టాలి, అన్నిటికీ మించి ఇంకా నడక రాని తమ్ముణ్ణో చెల్లినో చంకనేసుకుని ఊరంతా తిప్పాలి. ఇవన్నీ అయ్యాక పొద్దు మిగిలితే బడి.

అలాంటి ఊరికి చోడవరం వైపు నుంచి వచ్చారు అప్పారావు మాస్టారు. ఊళ్లో అందరికీ మేస్టరుబాబు. సోమవారం పొద్దున చంకలో గొడుగు, భుజాన గుడ్డసంచీతో కొండెక్కేవారు, శనివారం మధ్యాహ్నం దిగిపోయేవారు. మధ్యలో మా ఊళ్లోనే ఒక గదిలో వండుకుని తిని పడుకునేవారు. వచ్చిన కొత్తలో ఇంటింటికీ తిరిగి పిల్లల్ని పంపమని బతిమాలారు, తరవాత కోప్పడ్డారు, ఒక్కరూ రాలేదు. బెత్తం పట్టుకుందామంటే, పట్టుకున్న మర్నాడు ఆ బడి గోడలే మిగులుతాయని ఆయనకు అర్థమైపోయింది. అప్పుడు మొదలుపెట్టారు బహుమతులు.

వేళకు వచ్చినవాళ్లకు ఒక చింతపిక్క. శుభ్రంగా స్నానం చేసి వస్తే ఇంకొకటి. పిక్కలాట ఆడే ఊళ్లో చింతపిక్కకేం కరువని మీరనవచ్చు. ప్రతి ఇంట్లో కుంచాలకొద్దీ ఉండేవి. అయినా మాస్టారు సున్నపుచుక్క పెట్టి ఇచ్చిన పిక్క వేరు. అది చేతిలో ఉన్నవాడు ఆటలో ఓడినా ఓడనట్టే తిరిగేవాడు. పద్యం అప్పజెబితే చేతి మీద ఎర్ర కలంతో ఒక టిక్కు పెట్టేవారు. ఆ టిక్కు చెరగకూడదని మేం గెడ్డలో ఆ చెయ్యి పైకెత్తుకుని మునిగేవాళ్లం, చూసినవాళ్లు మా చేతులకు ఏదో దెబ్బ తగిలిందనుకునేవారు. ఎక్కాలు తప్పు లేకుండా చెప్పినవాళ్లు ఆయన కుర్చీలో కూర్చోవచ్చు, ఆయన నేల మీద కూర్చుని వినేవారు. అబ్బ, ఆ కుర్చీ! దాని చెయ్యి ఒకటి విరిగిపోయి తాడుతో కట్టి ఉండేది, అయినా అందులో కూర్చుంటే కింద జి.మాడుగుల దాకా కనిపిస్తున్నట్టుండేది నాకు.

అన్నిటికంటే పెద్ద బహుమతి గంట. పనసచెట్టుకు వేలాడదీసిన పాత జీపు కమాను ముక్క అది; ఇనప చువ్వతో కొడితే పక్క ఊరికి వినిపించేది. దాన్ని కొట్టే హక్కు చదువుకీ హాజరుకీ ఇచ్చేవారు కారు. తప్పు చేసి, ఎవరూ అడక్కముందే నిజం ఒప్పుకున్నవాళ్లకే మర్నాడు గంట. ఇంకేముంది, ఆ మాట విన్న వారానికల్లా ఊళ్లో తప్పులకు కొదవ లేకపోయింది. ఒకడు లేచి, "మేస్టరుబాబూ, నిన్న మీ గొడుగులో ఉచ్చ పోసీసినాను," అన్నాడు. గొడుగు చూస్తే పొడిగా ఉంది. చెయ్యని తప్పు ఒప్పుకోవడం కూడా అబద్ధమేనని మాస్టారు మాకు బోధించడానికి ఒక పూటంతా పట్టింది. "నిజం చెప్పే నోటికే గంట," అనేవారు. ఆయన నోట అబద్ధం మేం ఎన్నడూ వినలేదు.

మా ఇంట్లో మాట మామ్మది. మా నాన్నకు అమ్మ. పొట్టిగా, గట్టిగా, చుట్ట అడ్డంగా పెట్టుకుని, ముక్కున మూడు పుడకలతో ఉండేది. ఊరి పెద్దలు కూడా ఆమె ఎదురైతే తువ్వాలు సవరించుకునేవారు. నన్ను బడికి పంపడం ఆమెకు అస్సలు ఇష్టం లేదు. తమ్ముణ్ణి ఎవరు ఎత్తుకుంటారు, మేకల్ని ఎవరు తోలతారు? నేను మూడు రోజులు అంబలి ముట్టకుండా ఏడిస్తే చివరికి ఒప్పుకుంది. ఒప్పుకుంటూనే నా పలక చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసి, "ఎల్లు. కానీ ఈ సదువు వొల్ల ఊరికేటైనా కీడొచ్చిందా, ఇది పొయ్యిలో ఎట్టెత్తాను," అంది. మామ్మ అన్నదంటే చేసేదే. నాకప్పుడు తొమ్మిదేళ్లు. ఆ పలక పోతే నా బతుకు మేకల వెనకే. ఆ సంగతి నాకంత చిన్న వయసులోనే బాగా తెలుసు.

మా వైపు ఒక కట్టుబాటు ఉంది, ఇప్పటికీ ఉంది. కొత్తగా కాసినదేదైనా ముందు దేవుడికి పెట్టాకే మనిషి తినాలి. దాన్నే 'కొత్త' అంటాం. చిక్కుడు కొత్త, సామ కొత్త, అలాగే చైత్రంలో మామిడి కొత్త. ముహూర్తాలు పెట్టే దిసారి రోజు చూసి చెబుతాడు, పూజారి మా ఊరి శంకుదేవుడి రాళ్ల దగ్గర కోడిని కోసి, కొత్త బియ్యంతో పాటు మామిడి ముక్కలు పెడతాడు, ఆ తరవాత ఇంటింటా పెద్దవాళ్లు చేత్తో ఇస్తే తింటాం. అంతవరకూ చెట్ల నిండా కాయలు వేలాడుతున్నా, గాలికి రాలి కాళ్ల కింద పడినా, పిల్లలు కూడా ముట్టరు. నోట్లో నీళ్లూరితే ఉమ్మేసి ముందుకు నడిచేవాళ్లం. కొత్త కాకముందు తింటే రాళ్లవాన పడుతుందనీ, పులి దిగుతుందనీ చెప్పేవారు. చెప్పేవారేమిటి, నమ్మేవాళ్లం.

ఆ ఏడు ఇప్పపువ్వు విరగరాలింది. పిల్లలంతా తల్లుల వెంట చెట్ల కిందే ఉండిపోయారు, బడి బోసిపోయింది. ఒక సోమవారం మాస్టారు కొండెక్కి వస్తూ ఉబ్బిన గుడ్డసంచీ తెచ్చి వాసానికి వేలాడదీశారు. "ఈ వారమంతా మానకుండా వచ్చినవాళ్లకు శనివారం ఇందులోంచి బహుమతి," అన్నారు. సంచీ విప్పనక్కర్లేదు, గుమ్మంలోకే వాసన తెలిసిపోయింది. పచ్చి మామిడికాయలు! వాళ్ల పెరట్లోవి. కొండ కింద మాకంటే ముందే కాస్తాయి.

కబురు మధ్యాహ్నానికల్లా పిల్లలందరికీ చేరిపోయింది. మంగళవారం బడి సగం నిండింది, బుధవారం కూర్చోవడానికి చోటు లేదు. మాస్టారి ముఖం వెలిగిపోయింది. పాపం, మా కొండ మీద ఆయనకదే మొదటి చైత్రం, ఆయనకేం తెలుసు! మేం వచ్చింది ఆశతో కాదు, భయంతో. కొత్త కాని మామిడి మా ఊరి కప్పు కింద వేలాడుతోంది, ఏమవుతుందో చూద్దామని వచ్చాం. ఎక్కం చెబుతూ సంచీ వైపు చూసేవాళ్లం, పద్యం చెబుతూ సంచీ వైపు చూసేవాళ్లం. ఎవరో ఒకరం ఆయనతో చెప్పవచ్చుగా అంటారా? మేస్టరుబాబుకు తెలియనిదుంటుందని మా బుర్రలకు తట్టనే లేదు. కొండ కింది పల్లపోళ్లకి కొత్త ముందే అయిపోయుంటుందిలే అని నేను సర్దిచెప్పుకున్నాను. పెద్దవాళ్లకు చెబితే బడి మానిపిస్తారని అందరం నోళ్లు కుట్టుకున్నాం.

శనివారం మధ్యాహ్నం మాస్టారు కాయలు కోశారు. చాకు దిగగానే చరచరమని చప్పుడు, పులుపు గదంతా వ్యాపించింది. ఒక్కో ముక్కకు ఉప్పూకారం అద్ది, అడ్డాకులో పెట్టి, పేరు పిలిచి మరీ ఇచ్చారు. తీసుకున్నవాడు తీసుకున్నట్టే పరుగు. ఒక్కడూ నోట పెట్టలేదు. నేను చివర మిగిలాను, కిటికీ గడియలు వెయ్యడం నా బహుమతి పని కాబట్టి. గడియలు వేసి వచ్చి ముక్క అందుకున్నాను. ఉప్పు మాత్రం నాకుదాం, ఉప్పు కొత్త కాదుగా అనుకున్నాను. ప్రమాణం చేసి చెబుతున్నాను, ముందు ఉప్పే నాకాను. ఆ తరవాత నా పళ్లు నా మాట వినలేదు. గుమ్మం మెట్టు మీద నిలబడి కరకరా మొత్తం తినేశాను.

మాస్టారు తలుపుకు తాళం వేస్తూ చూసి నవ్వారు. "నువ్వొక్కదానివే తిన్నావే ఆశపోతూ! మిగతావాళ్లంతా ఇంట్లో చిన్నపిల్లలకి పట్టుకుపోయారు. ఎంత మంచి పిల్లలో చూడు!" అంటూ, ఆనందంగా గొడుగు ఊపుకుంటూ కొండ దిగిపోయారు. మంచి పిల్లలు దారిలో తుప్పల కింద, రాళ్ల సందుల్లో ముక్కలు దాచి ఇళ్లకు పోయారు.

ఆ సాయంత్రం రాళ్లవాన పడింది. చైత్రంలో కొండల మీద పడదా ఏం, ఏటా ఏదో ఒక ఊరి మీద పడేదే. కానీ ఆ రోజు రేగిపండంత వడగళ్లు పెంకుల మీద దడదడా పడుతుంటే నేను తమ్ముణ్ణి చంకనేసుకుని మూలకు ఒదిగాను. మామ్మ నన్నే చూస్తోంది. దగ్గరికి పిలిచి, గడ్డం పట్టుకుని నా ముఖం తన ముఖానికి దగ్గరగా లాక్కుంది.

"నోరు తెరు. ఏటి తిన్నావు?"

"ఉప్పు."

"ఉప్పేనా?"

"ఉప్పే మామ్మా."

కాసేపు అలాగే పట్టుకుని వదిలేసింది. మా అమ్మ పొయ్యి దగ్గర నుంచి చూస్తోంది.

ఆదివారం మేకలు ఒక తుప్పలోంచి మామిడి ముక్క లాగాయి. ఇక చూడండి, ఊరు ఊరంతా కదిలింది. పిల్లల్ని ఒక్కొక్కరినే నిలదీస్తే, ఒక్కొక్కరూ వెళ్లి తమ ముక్క తెచ్చి చూపించారు. నల్లబడిపోయి, చీమలు పట్టి, అయినా పళ్ల గాటు లేకుండా. నా ముక్క ఒక్కటే లేదు. "ఉప్పు నాకీసి గెడ్డలో పారీసినాను," అన్నాను. అలా అన్నానే గాని, రేపు మాస్టారొస్తారు, నిజం తప్ప చెప్పని మనిషి, ఆయనను అడుగుతారు. అయిపోయింది నా చదువు అని, మేకల కొట్టంలో కూర్చుని ఏడ్చాను.

సోమవారం పొద్దున మాస్టారు గొడుగు ఊపుకుంటూ వచ్చేసరికి ఊరు మొత్తం శంకుదేవుడి రాళ్ల దగ్గర కూర్చుని ఉంది. సంగతి విన్నాక ఆయన చెప్పులు దూరంగా విడిచి వచ్చి నేల మీద కూర్చున్నారు.

"నాకు తెలీక జరిగింది. శిక్ష ఏదైనా నాకు వెయ్యండి, పిల్లలకొద్దు," అన్నారు.

పూజారి తాత తల ఊపాడు. "తెలీక సేసినారు బాబూ. మీకు కోడి, కొబ్బరికాయ. అక్కడితో మీది అయిపోనాది. ఇప్పుడిది సెప్పండి," అని నా వైపు వేలు చూపించాడు. "ఈ గుంట ముక్క తిన్నాదా, ఉప్పు నాకి పారీసినాదా?"

"తింటే?"

"తింటే ఇది మరి బడికి రాదు. ఇదేటి, ఒచ్చే ఏడు కొత్త దాకా ఏ గుంటా రాదు. ఆ తలుపు తియ్యొద్దు మీరు."

అందరూ మాస్టారి వైపు చూశారు. నేను మామ్మ పక్కన నిలబడి ఉన్నాను. నా పలక ఆమె చేతిలో ఉంది. మాస్టారు కళ్లజోడు తీశారు, పంచె చెంగుతో తుడిచారు, మళ్లీ పెట్టుకున్నారు. నా వైపు చూశారు. గొడుగులో ఉచ్చ పోశానన్న అబద్ధానికి ఒక పూటంతా క్లాసు తీసుకున్న మనిషి ఆయన.

"ఉప్పే నాకిందండి. నా కళ్లతో చూశాను," అన్నారు.

మామ్మ పలక నా చేతిలో పెట్టి, ఇంటికి నడిచింది. నా ప్రాణం లేచొచ్చింది.

ఆ తరవాత పెద్దలు ఇంకో షరతు పెట్టారు. మా ఊరి నీళ్లు తాగుతున్నారు కాబట్టి, కొత్త అయ్యేదాకా మాస్టారు కూడా, వాళ్లింట్లో అయినా సరే, మామిడి ముట్టకూడదు. ఆయన సరేనన్నారు గాని, చెయ్యెత్తి, "మరి నిరుటి ఆవకాయ ఉందండీ నా దగ్గర, దాని సంగతేంటి?" అని అడిగారు. దాని మీద పెద్ద చర్చే జరిగింది. కాయ నిరుటిది, అది నిరుడే కొత్త అయిపోయింది అని కొందరు. మామిడి మామిడే అని కొందరు. పొద్దు నెత్తికెక్కేదాకా వాదించుకుని, చివరికి ఊటకు ఒప్పుకున్నారు, ముక్కకు ఒప్పుకోలేదు. మాస్టారు కొత్త దాకా ఊటతోనే అన్నం తిన్నారు. నేను కళ్లారా చూశాను, ముక్కలు వేలితో పక్కకు జరిపేవారు.

వేసవి సెలవులు ఇచ్చేదాకా ఆయన గంట మా ఇద్దరికీ దూరం పెట్టారు. తను కొట్టలేదు, నన్ను కొట్టనివ్వలేదు, వేరే పిల్లల చేత కొట్టించారు. ఒకరోజు నేను చువ్వ వైపు చూస్తుంటే దగ్గరికొచ్చి నెమ్మదిగా, "ఈ ఏడాదికి మనిద్దరికీ గంట లేదు సీతాలూ," అన్నారు. ఆ ఒక్కమాటే. ఆ విషయం మేం మళ్లీ ఎప్పుడూ మాట్లాడుకోలేదు. ఆ ఏడు మామిడి కొత్త నాడు మామ్మ, మా నాన్నకంటే ముందు మాస్టారి చేతిలో ముక్క పెట్టి, "తినండి బాబూ, బాగా ఓర్సుకున్నారు," అంది. కొండ మీద ఆయన అందుకున్న బహుమతి అదొక్కటే.

ఇప్పుడు మా ఊరికి తారురోడ్డు ఉంది. బడి లేదు. పిల్లలు చాలరని తీసేశారు. చిన్నవాళ్లు కూడా ఆశ్రమ బడుల్లో ఉండి చదువుకుంటున్నారు, ఆ గదిలో అడ్డాకుల కట్టలు, సిమెంటు బస్తాలు. పనసచెట్టు రోడ్డులో పోయింది, గంట ఎవరు పట్టుకుపోయారో తెలియదు. పిక్కలాట తెలిసిన పిల్ల ఒక్కతీ కనపడలేదు. రోడ్డు పక్క కొట్టులో మామిడి రసం సీసాలు పన్నెండు నెలలూ వేలాడుతుంటాయి, అది కొత్త లెక్కలోకి రాదని పూజారి మనవడే చెప్పాడు. మాస్టారు బదిలీ అయి వెళ్లిపోయారు, కాలం చేశారని చాలా ఏళ్లకు తెలిసింది. మామ్మ అంతకు ముందే పోయింది.

ఈ ఏడు మామిడి కొత్తకు నా కూతుర్ని తీసుకుని వెళ్లాను. అమ్మ ముసలిదైపోయింది, అయినా ఇంట్లో కొత్త ముక్కలు పంచేది ఇప్పుడు ఆవిడే. అందరూ చుట్టూ కూర్చుని ఉన్నారు గదా అని, నేను హుషారుగా ఈ కథంతా చెప్పాను, తిన్న సంగతి కూడా. ముప్పై ఏళ్లు దాటింది, ఇంక భయమేమిటి? "ఊరందర్నీ హడలగొట్టిన మామ్మని, నేనూ మాస్టారూ కలిసి బోల్తా కొట్టించేశాం చూడు," అని నవ్వాను.

అమ్మ చాకు ఆపేసింది.

"ఓలే సీతాలూ, నీకు తెల్దా? ఆ ఏడు మొదలు పోయేదాకా మీ మామ్మ మామిడి నోట ఎట్టనేదు."

పళ్లు పులుస్తాయని తన వంతు ముక్క ఏటా నాకే ఇచ్చేసేది మామ్మ. నేను లాక్కుని తినేసేదాన్ని.

"నీ నోరు వాసన సూసినాది కదే. అప్పుడే తెలుసు దానికి. పడుకునే ముందు శంకుదేవుడి దిక్కు తిరిగి మొక్కినాది. 'గుంట తిన్నాది, ఆ తప్పు నామీదికి రానీ, నాను మరి మామిడి ముట్టను, గుంట బడి పోనీకు' అని. ఎవులితోటీ అనొద్దని నా సేత ఒట్టేయించినాది."

ఇంతకాలం నేనే గెలిచాననుకున్నాను. చేతిలో ముక్క చేతిలోనే ఉండిపోయింది, ఉప్పూకారం కరిగి వేళ్లమ్మట కారుతోంది, నా కూతురు నా ముఖంలోకి చూస్తోంది.

"తినీయే," అని అమ్మ కసిరింది. "నువ్వు తినాలనే కదేటి అది మానీసింది."

ఏడుస్తూనే తిన్నాను.